అతుకు కనబడని డిజైన్: తంగేడు, పాలపిట్టలతో రిపీట్ గీయడం

చీర మీదైనా, దుప్పటి మీదైనా పూలూ పక్షులూ ఆగకుండా సాగిపోతున్నట్టు కనిపించే డిజైనుకు మూలం ఒకే ఒక్క చదరం. దాన్నే పక్కపక్కన, కిందా పైనా పేర్చుకుంటూ పోతారు. బట్టల డిజైనర్లు దీన్ని రిపీట్ అంటారు. కొత్తగా నేర్చుకునేవారు శ్రమంతా పువ్వును అందంగా గీయడం మీదే పెడతారు. పువ్వు అందంగా ఉండవలసిందే, కానీ బట్టంతా పరుచుకున్నాక కన్ను ముందుగా పట్టుకునేది పూల మధ్య మిగిలిన ఖాళీలను, చదరానికీ చదరానికీ మధ్యనున్న అతుకును. అందుకే ఇక్కడ ఎక్కువగా వాటి గురించే చెబుతాను. ఉదాహరణగా తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడునూ, రాష్ట్ర పక్షి పాలపిట్టనూ తీసుకుందాం. బతుకమ్మ రోజుల్లో తంగేడు పువ్వు ఎలాగూ ఇంటికి వస్తుంది, దసరా నాడు పాలపిట్టను చూడాలని జనం ఊరి బయటికి వెళతారు కనుక ఈ రెండూ ఒకే డిజైనులో కలిసి ఉండడం మన కంటికి సహజంగా తోస్తుంది.

మొదటి పని మొక్కను దగ్గరగా చూడడం. జ్ఞాపకంలోంచి గీసిన ఆకు ఏ మొక్కకూ చెందకుండా పోతుంది. తంగేడు రెబ్బను కరివేపాకు రెబ్బ పక్కన పెట్టి చూడండి: కరివేపాకు రెబ్బ చివర ఒంటి ఆకు ఉంటుంది, తంగేడు రెబ్బలో మాత్రం ఆకులు జతలుగా సాగి జతతోనే ముగుస్తాయి. ఆకు కొస సూదిగా ఉండదు, గుండ్రంగా ఉంటుంది. పువ్వుకు ఐదు పసుపు రేకులు, వాటి మీద సన్నని ఈనెలు, మధ్యలోంచి ముందుకు చొచ్చుకువచ్చే కేసరాలు ఉంటాయి. అదే కొమ్మ మీద గుండ్రని మొగ్గలు, బల్లపరుపుగా వేలాడే పలచని కాయలు కూడా దొరుకుతాయి. పెద్ద, నడిమి, చిన్న ఆకారాలు మూడూ ఒకే మొక్క ఇస్తుంటే ఖాళీలు పూడ్చడానికి మరో పువ్వును అరువు తెచ్చుకోనక్కరలేదు.

పాలపిట్ట విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రెక్కలు ముడుచుకుని కూర్చున్నప్పుడు దాని ఒంటి మీద గోధుమ ఛాయే ఎక్కువగా కనిపిస్తుంది; రెక్క విప్పినప్పుడే ముదురు నీలం, లేత నీలం పట్టీలు బయటపడతాయి. నీలం కావాలంటే ఎగురుతున్న పిట్టనే గీయాలి. చదరానికి ఎగిరే పిట్ట ఒకటి, కూర్చున్న పిట్ట ఒకటి చాలు, అంతకు మించితే తంగేడు వెనకబడిపోతుందని నా అభిప్రాయం.

ఇక చదరం సంగతి. 8 అంగుళాల చదరపు కాగితాన్ని పక్కాగా మూలమట్టంగా కత్తిరించి, ముఖ్యమైన బొమ్మలను మధ్యలో గీయండి; ఏ గీతా అంచును తాకకూడదు. కాగితం వెనక నాలుగు భాగాలకూ అంకెలు వేసుకోండి. బొమ్మ వైపు నుంచి చూసినప్పుడు పై వరుసలో ఎడమది 1, కుడిది 2, కింది వరుసలో ఎడమది 3, కుడిది 4 కావాలి. ఇప్పుడు కాగితాన్ని నిలువునా సరిగ్గా సగానికి కోసి, ఎడమ సగాన్ని కుడికీ కుడి సగాన్ని ఎడమకూ మార్చి, వెనక నుంచి టేపు వేయండి. తరువాత అడ్డంగా సగానికి కోసి, పై సగాన్ని కిందికీ కింది సగాన్ని పైకీ మార్చి అతికించండి. పై వరుసలో 4, 3, కింది వరుసలో 2, 1 వస్తే మీరు సరిగ్గా చేసినట్టే. ఇంతకుముందు బయట ఉన్న అంచులన్నీ ఇప్పుడు మధ్యలో కలుసుకుని, అక్కడ కూడలిలా ఒక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో మిగతా రెబ్బలూ మొగ్గలూ గీయాలి, ఈసారి కూడా కొత్త గీత ఏదీ బయటి అంచును తాకకుండా చూసుకోవాలి. మధ్యలో ఉన్న అతుకు గీతల మీదుగా మాత్రం ధైర్యంగా గీయండి, ఎందుకంటే కొమ్మలు ఆ గీతలను దాటినప్పుడే చదరం హద్దు కనిపించకుండా పోతుంది.

ఇలా తయారైన చదరాన్ని వరుసగా పేర్చితే పిట్టలన్నీ ఒకే అడ్డగీత మీద బారులు తీరినట్టు కనిపించవచ్చు. అది ఇష్టం లేకపోతే ప్రతి రెండో నిలువు వరుసనూ సగం ఎత్తు కిందికి జరిపే పద్ధతి ఉంది. దీన్ని హాఫ్ డ్రాప్ అంటారు. దీనికి మొదటిలాగే మధ్యలో బొమ్మలు గీసి, వెనక అంకెలు వేసిన మరో కాగితాన్ని నాలుగు ముక్కలుగా కోసి, పై వరుసలో 2, 3, కింది వరుసలో 4, 1 వచ్చేలా అతికించి, లోపల కనబడే ఖాళీలు పూడ్చండి. ఆ తరువాత మొత్తాన్ని అడ్డంగా కోసి, కింది సగాన్ని పైకి తెచ్చి, ఎడమ వైపు మిగిలిన ఖాళీని కూడా పూడ్చితే పని పూర్తవుతుంది. కొంచెం తికమకగా అనిపించినా, తీగలకూ పక్షులకూ ఇంతకంటే బాగా నప్పే అమరిక నాకు కనబడలేదు.

రంగు వేయకముందే పరీక్షించాలి. చదరాన్ని తొమ్మిది జిరాక్సులు తీయించి, మూడు వరుసలుగా గోడకు అంటించి, నాలుగైదు అడుగులు వెనక్కి నడిచి, కళ్లు సగం మూసి చూడండి. తెల్లని బాటలు ఏటవాలుగా పారుతున్నా, ఒకచోట నల్లగా ముద్దకట్టినట్టున్నా అప్పుడే తెలుస్తుంది. బాటకు అడ్డంగా ఒక మొగ్గో కాయో వేస్తే చాలావరకు సరిపోతుంది. ముద్దగా ఉన్న చోట రెబ్బలోని ఆకుల జతలను తగ్గించాలి. పిట్టలన్నీ ఒకే వైపు చూస్తుంటే ఆ బట్టను తలకిందులుగా వాడుకోలేరు, జాకెట్టుకు కత్తిరించేటప్పుడు గుడ్డ ఎక్కువ వృథా అవుతుంది. కర్టెనుకైతే ఆ ఇబ్బంది ఉండదు.

డిజైనును చెక్క అచ్చుగా చేయించాలనుకుంటే ముందే కొంత పొదుపు పాటించాలి. కృష్ణా జిల్లా పెడనలో నేటికీ సాగుతున్న మచిలీపట్నం కలంకారీలో బొమ్మ హద్దుగీతలకు ఒక అచ్చు, లోపల నింపే ఒక్కొక్క రంగుకూ వేరే అచ్చు వాడతారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన ద్రావణంతో నలుపు, పటికతో ఎరుపుకు పునాది పడతాయి. ప్రతి రంగూ మరో అచ్చు, మరో విడత అద్దకం కనుక నలుపు, ఎరుపు, పసుపు, నీలం దాటకుండా ఆలోచించడం మంచిది. రేకుల మీది ఈనెల్లాంటి వెంట్రుకవాసి గీతలు చెక్కలో నిలవవు, కాబట్టి వాటిని తగ్గించి, ఉన్నవాటిని కాస్త లావుగా గీయండి.

కంప్యూటరులోకి తీసుకోవాలంటే టేపు వేసిన కాగితాన్నే స్కాన్ చేయకండి, అతుకుల నీడ పడుతుంది. ట్రేసింగ్ కాగితంతో కొత్త కాగితం మీదికి ఎత్తి రాసి, 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 8 అంగుళాల చదరం వైపుకు 2,400 పిక్సెళ్లు వస్తుంది. అంచులు కత్తిరించేటప్పుడు సరిగ్గా ఆ కొలతకే కత్తిరించండి. ఒక్క పిక్సెల్ తెలుపు మిగిలినా బట్టంతా గళ్లుగళ్లుగా సన్నని గీతలు తేలతాయి.