నిక్స్ఓఎస్ ఇంటి పాఠాలు - 3: తెలుగు టైపింగ్, చిత్తూరులో రెండో కంప్యూటర్

పోయిన భాగంలో తిరుపతి ఇంట్లో కంప్యూటర్‌కి నిక్స్ఓఎస్ (ఒక రకం లినక్స్) ఎక్కించాం. ఈసారి అందులో తెలుగు రాసుకునే ఏర్పాటు చేద్దాం.

మామూలు లినక్స్‌లో ఫాంట్ ఒకచోట, కీబోర్డు ఇంకోచోట సెట్ చేస్తాం. ఏడాది పోయాక ఏం చేశామో గుర్తుండదు. ఇక్కడ అన్నీ కాన్ఫిగరేషన్.నిక్స్ ఫైల్లోనే రాస్తాం. చివరి బ్రాకెట్‌కి ముందు ఇవి చేర్చండి. ఇందులో ఐబస్ అంటే వేరే భాషల టైపింగ్ చూసుకునే ప్రోగ్రాం, ఎం17ఎన్ దానికి తెలుగు కీబోర్డులు ఇచ్చే భాగం. కొట్టేటప్పుడు అంతా ఇంగ్లిష్ అక్షరాల్లోనే, మెథడ్‌లో ఎం పెద్దక్షరం:

ఫాంట్స్.ప్యాకేజెస్ = [ పికెజిఎస్.లోహిత్-ఫాంట్స్.తెలుగు ];
ఐ18ఎన్.ఇన్‌పుట్‌మెథడ్.ఎనేబుల్ = ట్రూ;
ఐ18ఎన్.ఇన్‌పుట్‌మెథడ్.టైప్ = "ఐబస్";
ఐ18ఎన్.ఇన్‌పుట్‌మెథడ్.ఐబస్.ఇంజిన్స్ = [ పికెజిఎస్.ఐబస్-ఇంజిన్స్.ఎం17ఎన్ ];

ముందు టెర్మినల్‌లో సుడో నిక్సోస్-రీబిల్డ్ టెస్ట్ అనే కమాండ్ ఇవ్వండి. మార్పులు వెంటనే అమల్లోకి వస్తాయి కానీ బూట్ మెనూలోకి ఎక్కవు. ఏదైనా తేడా కొడితే రీస్టార్ట్ చేయండి, పాత సిస్టమే వస్తుంది. అంతా బాగుంటే అదే కమాండ్‌లో టెస్ట్ బదులు స్విచ్ అని ఇవ్వండి, అప్పుడు బూట్ మెనూలోకీ ఎక్కుతుంది. స్విచ్ తర్వాత సమస్య వచ్చినా టెన్షన్ వద్దు, బూట్ మెనూలో పాత జనరేషన్ (మార్పుకి ముందున్న సిస్టమ్) ఉంటుంది. ఇంత ధైర్యంగా ప్రయోగాలు చేయనిస్తుంది కాబట్టే కొత్తవాళ్లకి దీన్నే నేర్పాలని నా పట్టుదల. ఒక్క మాట: వెనక్కి వెళ్లేది సిస్టమ్ మాత్రమే. చెరిపేసిన ఫోటోలు తిరిగి రావు, వాటికి బ్యాకప్ వేరేగా ఉండాలి.

లాగవుట్ అయి మళ్లీ వచ్చాక గ్నోమ్ (మన డెస్క్‌టాప్) కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు ఎంచుకోండి. ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ అనే టైపింగ్ పద్ధతులు ఉంటాయి. ఈ ఎంపిక యూజర్ సెట్టింగ్, మన ఫైల్లోకి రాదు.

ఇప్పుడు చిత్తూరులో అన్నయ్య వాళ్లింట్లోనూ ఇదే సిస్టమ్ కావాలనుకోండి. కాన్ఫిగరేషన్.నిక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే చాలు. పక్కనున్న హార్డ్‌వేర్-కాన్ఫిగరేషన్.నిక్స్‌ని మాత్రం తీసుకెళ్లకండి. అందులో ఉన్నవి మీ డిస్కు గుర్తింపు నంబర్లు, అక్కడ పెడితే ఆ కంప్యూటర్ బూట్ కాదు. అక్కడి ఫైలుని నిక్సోస్-జనరేట్-కాన్ఫిగ్ అనే కమాండ్ ఆ మెషీన్‌ని చూసి తనే రాస్తుంది. అన్నయ్యది పాత బయోస్ పద్ధతిలో స్టార్టయ్యే కంప్యూటర్ అయితే బూట్‌లోడర్ (సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం) లైన్లు మార్చాలి. హోస్ట్‌నేమ్ (కంప్యూటర్ పేరు) కూడా.

వచ్చే భాగం ప్రింటర్ గురించి. ఈలోపు ఒక అభ్యాసం: పైన చేర్చిన వాటిలో మొదటి లైను చివర సెమీకోలన్ తీసేసి రీబిల్డ్ ఇవ్వండి. ఎర్రర్ దాని కింది లైన్లో చూపిస్తుంది, సిస్టమ్‌లో మాత్రం ఏమీ మారదు. అలా ఎర్రర్ వచ్చినప్పుడల్లా ముందు పైలైను చూడండి.