మబ్బు పట్టినా తేనెపిట్ట ఫొటో నల్లబడకుండా

గుంటూరులో మా పెరటి మందార చెట్టుకు ఉదయం ఏడింటికి వచ్చే తేనెపిట్టలను ఫొటో తీసేటప్పుడు, ఒక మబ్బు తునక ఎండకు అడ్డం వచ్చి పోయేలోపే ఒక ఫొటో వెలిసిపోవడం, మరొకటి నల్లబడటం నన్ను చాలాకాలం విసిగించింది. కెమెరాను, సెట్టింగులు మనమే పెట్టుకునే మాన్యువల్ మోడ్‌లో ఉంచి, షట్టర్ వేగాన్ని (షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని) సెకనులో 2000వ వంతుకు, లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రమైన అపెర్చర్‌ను ఎఫ్ 5.6కు స్థిరపరచి, ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) మాత్రం ఆటోకు వదిలి, దాని గరిష్ఠ పరిమితిని 3200గా పెట్టుకుంటే, వెలుతురు మారిన ప్రతిసారీ కెమెరాయే సర్దుకుంటుంది. మన వేలు బటన్ మీద నుంచి కదలనక్కరలేదు. పిట్ట కొమ్మ మీద కుదురుగా కూర్చొని, మందార పువ్వు మొదట్లో ముక్కు గుచ్చి తేనె పీల్చే క్షణాలకు 500వ వంతు వేగం చాలు, అప్పుడు ఐఎస్ఓ కూడా తగ్గి ఈకలు నునుపుగా కనిపిస్తాయి. మగపిట్ట ఊదా మెరుపు కావాలంటే సూర్యుణ్ణి మన వీపు వైపు ఉంచుకోవాలి; పక్క నుంచి చూస్తే అదే పిట్ట బొగ్గులా ఉంటుంది. అమెరికా ఖండాలలో మాత్రమే ఉండే హమ్మింగ్‌బర్డ్‌లకూ ఈ పద్ధతి వర్తిస్తుంది, కాకపోతే గాలిలో నిలిచే వాటి రెక్కలు స్పష్టంగా రావాలంటే వేగం ఇంకా పెంచాలి.

ఒక్క జాగ్రత్త: పిట్ట వెనుక ఆకులకు బదులు తెల్లని ఆకాశం వస్తే, కెమెరా ఆ వెలుగును చూసి మోసపోయి పిట్టను నీడబొమ్మగా మారుస్తుంది, కనుక అక్కడ ఐఎస్ఓను కూడా చేత్తోనే స్థిరపరచుకోవాలి.