శాంతికాలంలో నౌకాదళ ప్రమాదాలు: ఇంటివాళ్లు తెలుసుకోవలసినవి, చేయవలసినవి

2013 ఆగస్టు 14న, అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి, ముంబయి నేవల్ డాక్‌యార్డులో నిలిపి ఉన్న ఐఎన్ఎస్ సింధురక్షక్ జలాంతర్గామిలో పేలుళ్లు జరిగి 18 మంది మరణించారు. 2014 ఫిబ్రవరి 26న ఐఎన్ఎస్ సింధురత్నలో కమ్ముకున్న పొగలో ఇద్దరు అధికారులు ఊపిరాడక ప్రాణాలు కోల్పోగా, అదే రోజు నౌకాదళాధిపతి అడ్మిరల్ డి.కె. జోషి బాధ్యత వహించి రాజీనామా చేశారు. అదే సంవత్సరం నవంబరు 6న, టార్పెడోలను (నీటి అడుగున దూసుకుపోయే ఆయుధాలను) సముద్రంలో నుంచి తిరిగి సేకరించే చిన్న ఓడ ఒకటి విశాఖపట్నం తీరానికి అవతల మునిగిపోయి, ఒకరు మరణించారు, నలుగురు గల్లంతయ్యారు. 2016 డిసెంబరు 5న ముంబయిలో డ్రై డాక్ (నీళ్లు తోడేసి ఓడకు మరమ్మతు చేసే చోటు) నుంచి బయటికి తీస్తుండగా ఐఎన్ఎస్ బెట్వా పక్కకు ఒరిగిపోయి ఇద్దరు సెయిలర్లు, 2022 జనవరి 18న ఐఎన్ఎస్ రణవీర్ లోపలి గదిలో జరిగిన పేలుడులో ముగ్గురు సెయిలర్లు చనిపోయారు. వీటిలో ఏ ఒక్కటీ యుద్ధంలో జరిగినది కాదు.

చిత్తూరు, తిరుపతి జిల్లాల ఊళ్లలో నేవీలో బిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ ఉపయోగపడాలని ఈ వివరాలు రాస్తున్నాను. యుద్ధంలో మరణించినవారి విషయంలో మరణానికి కారణం ఏమిటన్న ప్రశ్న సాధారణంగా తలెత్తదు. శాంతికాలపు ప్రమాదంలో మాత్రం ఆ మరణం విధి నిర్వహణ వల్ల సంభవించినదేనా అనే ప్రశ్నకు కాగితాల మీద సమాధానం దొరకాలి, కుటుంబానికి అందే పెన్షన్, పరిహారం ఆ సమాధానాన్ని బట్టే ఉంటాయి. అందువల్ల ఇంటివాళ్ల పని ప్రమాదం జరిగిన తరువాత మొదలయ్యేది కాదు. బిడ్డ లీవు మీద ఇంటికి వచ్చి, నలుగురూ కలిసి ఉన్న రోజుల్లోనే అది మొదలు కావాలి.

ముందుగా, ప్రమాదం ఎక్కడ ఉంటుందో తెలుసుకోండి

ఓడలో అన్నిటికంటే మోసకరమైనది గాలి ఆడని మూసిన గది. ఇంధనపు ట్యాంకులు, నీటి ట్యాంకులు, ఓడ అడుగున ఉండే ఖాళీ అరలు, మురుగునీటిని శుద్ధి చేసే గది, ఇవన్నీ ఈ కోవలోకి వస్తాయి. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం ఉంటుంది. నెలల తరబడి మూసి ఉన్న ఇనుప అర లోపల తుప్పు పట్టే క్రమంలోనే ఆ ఆక్సిజన్ తగ్గిపోతుంది. చూడడానికి గది శుభ్రంగానే ఉంటుంది, ఏ వాసనా రాదు, దిగిన మనిషి మాత్రం హెచ్చరికేమీ లేకుండానే కుప్పకూలిపోతాడు. మురుగు నుంచి పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మరొక విధంగా మోసగిస్తుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల కంపు కొట్టే ఆ వాయువు, మోతాదు పెరిగేసరికి ముక్కుకు వాసన తెలియకుండా చేసేస్తుంది కనుక, కంపు పోయింది కదా అనుకోవడం ప్రాణాంతకం. 2016 జూన్ 10న కార్వార్‌లో మరమ్మతులో ఉన్న ఐఎన్ఎస్ విక్రమాదిత్యలో విషవాయువు పీల్చి ఒక సెయిలరు, ఒక కాంట్రాక్టు పనివాడు మరణించినది ఈ మురుగు శుద్ధి గదిలోనే. 2014 మార్చి 7న, నిర్మాణంలో ఉన్న కోల్‌కతా యుద్ధనౌకలో మంటలార్పడానికి ఉంచిన కార్బన్ డయాక్సైడ్ బయటికి వచ్చి ఒక అధికారి చనిపోయారు.

ఇటువంటి గదిలోకి దిగే ముందు చేయవలసినవి నేవీలో నియమాలుగానే ఉన్నాయి. మూత తీసి, ఫ్యాన్లతో గాలి ఆడించి, వాయువులను కొలిచే మీటరును తాడుతో దించి పైన, నడుమ, అడుగున వేర్వేరుగా చూడాలి, ఎందుకంటే కొన్ని వాయువులు పైన చేరితే మరికొన్ని అడుగున పేరుకుంటాయి. దిగే మనిషి నడుముకు తాడు ఉండాలి, మూత దగ్గర ఒక మనిషి కదలకుండా నిలబడి ఉండాలి, శ్వాస పరికరం చేతికి అందేటంత దగ్గర సిద్ధంగా ఉండాలి. మన వైపు పెద్దలు పాడుబడిన బావిలోకి దిగే ముందు వెలిగించిన లాంతరును దించి చూసినట్లే ఇదీను. అసలు ఘోరం ఆ తరువాత జరుగుతుంది. పడిపోయిన స్నేహితుణ్ణి చూసి, మూత దగ్గర ఉన్నవాడు పరికరం లేకుండానే దూకేస్తాడు, అతని వెనుక మరొకడు దూకుతాడు. మూసిన గదుల ప్రమాదాల్లో రక్షించబోయి చనిపోయేవారి సంఖ్య ఎప్పుడూ ఎక్కువే. మీ బిడ్డతో ఈ విషయం ఒక్కటైనా నోరు తెరిచి మాట్లాడండి: ముందు కేక వేయాలి, అలారం మోగించాలి, మాస్కు తగిలించుకున్న తరువాతే దిగాలి. తల్లి చెప్పిన మాట గుర్తుండి ఒక క్షణం ఆగినా ప్రాణం నిలుస్తుంది.

జలాంతర్గామిలో బ్యాటరీలకు చార్జింగ్ పెట్టినప్పుడు హైడ్రోజన్ పుడుతుంది, అది పేలే వాయువు. రేవులో ఓడను కట్టే నైలాన్ మోకు బిగుసుకుని తెగితే, వెనక్కు కొట్టే దెబ్బకు కాళ్లు తెగిపోతాయి, ప్రాణమూ పోతుంది. రాత్రిపూట డెక్కు మీద నుంచి సముద్రంలో పడిన మనిషిని వెతికి పట్టుకోవడం చాలా కష్టం. నిద్రలేమిని మన ఇళ్లలో ప్రమాదంగా లెక్కపెట్టరు గానీ, 2017లో అమెరికా యుద్ధనౌకలు ఫిట్జ్‌గెరాల్డ్, జాన్ ఎస్. మెక్‌కెయిన్ వాణిజ్య నౌకలను ఢీకొని మొత్తం 17 మంది సెయిలర్లు చనిపోయినప్పుడు, శిక్షణ లోపాలతో పాటు సిబ్బంది అలసట కూడా కారణాల్లో ఒకటని విచారణల్లో తేలింది. ఇక లీవులో ఇంటికి వచ్చినప్పుడు బైకు మీద జరిగే ప్రమాదాలు ఉండనే ఉన్నాయి. సముద్రం నుంచి క్షేమంగా వచ్చిన పిల్లవాడు పలమనేరు ఘాట్ రోడ్డు మీద హెల్మెట్ లేకుండా తిరుగుతుంటే ఊరుకోకండి.

లీవులో ఉన్నప్పుడే సరిచూడవలసిన కాగితాలు

పెళ్లయిన సంగతి, బిడ్డ పుట్టిన సంగతి సర్వీసు రికార్డులో నమోదయ్యాయో లేదో అడగండి. చేరినప్పుడు నామినీగా తల్లి పేరో తండ్రి పేరో రాసి, పెళ్లయ్యాక మార్చకుండా వదిలేసినవారు చాలామంది ఉంటారు. ఫ్యామిలీ పెన్షన్ నిబంధనల ప్రకారం ముందుగా భార్యకు వెళుతుంది. గ్రూపు ఇన్సూరెన్సు సొమ్ముకు నామినేషన్ ముఖ్యం. తల్లిదండ్రులకు ఎంత, భార్యకు ఎంత అన్నది బిడ్డ ఇష్టప్రకారం వాటాలు వేసి నామినేషన్‌లో రాయించడం అందరికీ మంచిది. ఈ మాట ఎత్తడం అపశకునం అనుకుని దాటవేసిన ఇళ్లలో అత్తాకోడళ్లు తరువాత కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తుంది.

పేర్ల విషయంలో చాలా జాగ్రత్త అవసరం. మన వైపు ఇంటిపేరు ఒక కాగితంలో పొడి అక్షరంగా, ఇంకొక కాగితంలో పూర్తిగా, వేరొక దానిలో పేరు చివరన ఉంటుంది. ఉదాహరణకు, సర్వీసు రికార్డులో "లక్ష్మి కె" అనీ, ఆధార్‌లో "కొండేటి లక్ష్మీదేవి" అనీ, బ్యాంకు పుస్తకంలో "కె. లక్ష్మీదేవమ్మ" అనీ ఉంటే, ముగ్గురూ ఒకరేనని నిరూపించడానికి నెలలు పడుతుంది. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, సర్వీసు రికార్డు నాలుగింటిలోనూ పేరు, పుట్టిన తేదీ అక్షరం పొల్లుపోకుండా ఒకటిగా ఉండేలా ఇప్పుడే దిద్దించుకోండి. పెన్షన్ వ్యవహారాలు స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నడుస్తున్నాయి. అందులో అక్షరం తేడా వచ్చినా దరఖాస్తు ఆగిపోవచ్చు.

ఒక నోటు పుస్తకంలో బిడ్డ సర్వీసు నంబరు, ర్యాంకు, ఓడ పేరు, జీతం పడే ఖాతా, సొంతంగా కట్టుకునే పాలసీలు రాసి పెట్టండి. జీతం ఖాతాకు బ్యాంకు ఇచ్చే డిఫెన్స్ శాలరీ ప్యాకేజీలో వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుందని చాలా కుటుంబాలకు తెలియదు. అడగనిదే ఎవరూ చెప్పకపోవచ్చు, క్లెయిముకు గడువు కూడా ఉంటుంది.

వార్త వచ్చిన తరువాత

ఫోన్ చేసినవారి పేరు, హోదా, నంబరు రాసుకోండి, లేదా దగ్గర ఉన్న మరొకరి చేత రాయించండి. ఆ స్థితిలో తల్లిదండ్రుల చేత ఈ పని అవదు కాబట్టి, బాబాయో మేనమామో ఒకరు ఈ బాధ్యత తీసుకుని, చివరిదాకా నేవీతో మాట్లాడే మనిషి తానొక్కడే అయ్యేలా చూడాలి. పార్థివదేహాన్ని రేణిగుంట విమానాశ్రయానికి తెస్తున్నారా, లేక చెన్నై వరకు తెచ్చి అక్కడి నుంచి రోడ్డు మార్గాన తెస్తున్నారా అన్నది అడిగి తెలుసుకోండి. వెంట వచ్చే నేవీ సిబ్బంది దగ్గర పోస్ట్‌మార్టం నివేదిక, పోలీసుల శవపంచనామా ప్రతులు ఉన్నాయో లేదో అడగండి, లేకపోతే ఎప్పుడు, ఎవరు పంపుతారో రాసుకోండి.

మరణ ధ్రువపత్రం మరణం జరిగిన చోటనే నమోదవుతుంది. విశాఖపట్నంలో జరిగితే విశాఖపట్నంలో, ముంబయిలో జరిగితే ముంబయిలో ఇస్తారే తప్ప తిరుపతి మునిసిపల్ కార్పొరేషన్‌లో ఎన్నిసార్లు తిరిగినా ఇవ్వరు. యూనిట్ ద్వారానే కనీసం పది ప్రతులు తెప్పించుకోండి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మాత్రం మన సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు పెట్టాలి, తహసీల్దారు ఇస్తారు.

చుట్టుపక్కల ఊళ్లలో ఆర్మీ మాజీ సైనికులు ఎక్కువ. వారు మంచి మనసుతోనే సలహా చెబుతారు గానీ, ఆర్మీ రికార్డు కార్యాలయాల పద్ధతి వేరు. నేవీ సెయిలర్ల రికార్డులు ముంబయిలోని కమోడోర్, బ్యూరో ఆఫ్ సెయిలర్స్ కార్యాలయంలో ఉంటాయి. ఉత్తరాలు అక్కడికీ, బిడ్డ పనిచేసిన ఓడ కమాండింగ్ ఆఫీసరుకూ, ఒక నకలు చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ అధికారికీ పంపండి. 2022లో జిల్లాలు విడిపోయాయి కనుక మీ మండలం వ్యవహారాలు ఏ కార్యాలయం చూస్తున్నదో ముందే కనుక్కోండి.

ఇంతకూ ఫలితాన్ని నిర్ణయించేది బోర్డ్ ఆఫ్ ఎంక్వైరీ, అంటే నేవీ నియమించే విచారణ బోర్డు. ప్రమాదం ఎలా జరిగింది, ఆ సమయంలో మనిషి డ్యూటీలో ఉన్నాడా, తప్పు ఎవరిది అని అది విచారిస్తుంది. మరణం సర్వీసుకు అట్రిబ్యూటబుల్ అని, అంటే విధి నిర్వహణ కారణంగా సంభవించినదని తేలితే, కుటుంబానికి లెక్కలోకి తీసుకునే చివరి జీతంలో 60 శాతం స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్‌గా వస్తుంది. కాదని తేలితే మామూలు ఫ్యామిలీ పెన్షన్, అంటే మొదటి పదేళ్లు 50 శాతం, ఆ తరువాత 30 శాతం. ఆ జీతం 50,000 రూపాయలు అనుకుంటే, ఒక దారిలో 30,000, మరొక దారిలో పదేళ్లు 25,000, ఆపైన 15,000. కరవు భత్యం దీనికి అదనం. ఏడవ వేతన సంఘం తరువాత, విధి నిర్వహణలో ప్రమాదం వల్ల మరణిస్తే కేంద్రం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా, అంటే ఒకేసారి ఇచ్చే సాయం, 25 లక్షల రూపాయలుగా ఉంది. అది కూడా ఈ నిర్ణయం మీదనే ఆధారపడుతుంది. గ్రూపు ఇన్సూరెన్సు దీనితో సంబంధం లేకుండా వస్తుంది.

అగ్నివీరుల, అంటే అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్లకు చేరినవారి, సంగతి వేరు, వారి కుటుంబానికి ఫ్యామిలీ పెన్షన్ లేదు. 48 లక్షల బీమా ఏ మరణానికైనా వర్తిస్తుంది. విధి నిర్వహణ వల్ల మరణిస్తే అదనంగా 44 లక్షల ఎక్స్‌గ్రేషియాతో పాటు, మిగిలిన కాలానికి జీతమూ, సేవానిధీ (నాలుగేళ్ల చివర ఇచ్చే పొదుపు సొమ్ము) చేరతాయి. ఇక్కడ కూడా వ్యత్యాసమంతా ఆ ఒక్క నిర్ణయంలోనే ఉంది.

కాబట్టి బోర్డు ఏర్పాటైందా, దాని నిర్ణయం ఏమిటి అని స్పీడ్ పోస్టులో అడగండి. బిడ్డ ఆఖరిసారి ఫోన్లో చెప్పిన మాటలు, పంపిన మెసేజీలు, తోటివారి పేర్లు దాచి ఉంచండి, అతని ఫోనును ఎవరి చేతా ఫార్మాట్ చేయించకండి. లీవు మీద వస్తూ పోతూ దారిలో ప్రమాదం జరిగితే లీవు చీటీ, రైలు టికెట్టు, బస్సు టికెట్టు చాలా విలువైనవి: అతను నిర్ణీత మార్గంలో, డ్యూటీకి సంబంధించిన ప్రయాణంలోనే ఉన్నాడని చెప్పేవి అవే. అటువంటప్పుడు ఎఫ్ఐఆర్ మన పోలీసు స్టేషనులోనే ఉంటుంది కాబట్టి ప్రతిని వెంటనే తీసుకుని ఓడకు పంపండి.

సముద్రంలో గల్లంతై దేహం దొరకని కుటుంబాల బాధ మాటల్లో చెప్పలేనిది. చట్టం ప్రకారం ఏడేళ్లు ఆగితేనే మరణంగా భావిస్తారని ఎవరో చెప్పగా విని చేతులు ముడుచుకుని కూర్చోకండి. గల్లంతైన ఉద్యోగి కుటుంబానికి పెన్షన్ ఇవ్వడానికి విడిగా నిబంధనలు ఉన్నాయి. పోలీసు నివేదిక, ఓడ ఇచ్చిన గల్లంతు సమాచారం జతచేసి రికార్డు కార్యాలయానికి లిఖితపూర్వకంగా దరఖాస్తు పెట్టాలి.

బోర్డు నివేదిక ప్రతిని సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో కోరవచ్చు. భద్రతా కారణాలు చూపి కొంత భాగం కప్పి ఇచ్చినా, మరణ కారణం, డ్యూటీ స్థితి ఉన్న భాగాలను పట్టుబట్టి అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా మొదటి అప్పీలు వేయవచ్చు. మరణం విధి నిర్వహణ వల్ల కాదని తిరస్కరిస్తే, ఆ ఉత్తరంలో చెప్పిన అప్పీలు గడువు లోపల శాఖాపరమైన అప్పీలు పెట్టాలి. అదీ తిరస్కరిస్తే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, మనకు చెన్నైలోని బెంచి ఉంది. చివరి తిరస్కరణ ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల లోపు అక్కడ దరఖాస్తు దాఖలు చేయాలి. ఆలస్యానికి తగిన కారణం ఉంటే ట్రిబ్యునల్ మన్నించగలదు గానీ, దాని మీద ఆశ పెట్టుకోకుండా, ఉత్తర్వు వచ్చిన కవరును తపాలా ముద్రతో సహా ఫైలులో భద్రపరచి, ఆ తేదీ నుంచి గడువు లెక్కపెట్టుకోండి.