జపనీస్‌లో సరేనన్నా వద్దన్నట్టే అర్థమవుతోందా? సమస్య - పరిష్కారం

సమస్య: టీ కావాలా అని అడిగారు, మీరు మర్యాదగా ఒప్పుకున్నారు. టీ మాత్రం రాలేదు.

ముందు ఒక్కటి చూసుకోండి: ‘హాయ్, ఒనెగాయిషిమస్’ అన్నారా? అంటే ‘అవును, దయచేసి ఇవ్వండి’. ఉచ్చారణ, తల వంచే తీరు అన్నీ సరిచూసుకునేవారు కూడా ఈ మాట అన్నారో లేదో చూసుకోరు. చాలామంది సమస్య ఇక్కడే తీరిపోతుంది.

అసలు దొంగ: ‘ఈ దెస్’. పాఠంలో ‘ఈ’ అంటే ‘మంచి’ అని చదువుతాం కనుక ‘బాగుంది, సరే’ అనే ఉద్దేశంతో వాడేస్తాం. కానీ ఎవరైనా ఏదైనా ఇవ్వబోతున్నప్పుడు దానికి మామూలుగా వచ్చే అర్థం ‘అక్కర్లేదు’. నేనూ దెబ్బతిన్నాను. చలికాలం రాత్రి, దుకాణంలో భోజనం డబ్బా కొన్నాను. గల్లాపెట్టె దగ్గరి అమ్మాయి ‘అతతామెమస్ కా?’ (వేడి చేయమంటారా?) అని అడిగింది. ‘ఈ దెస్’ అన్నాను. ఆమె తల ఊపి, చల్లటి డబ్బాను అలాగే సంచిలో పెట్టి ఇచ్చింది. గడ్డకట్టిన అన్నం తింటూ ఆలోచిస్తే గాని తప్పు తెలియలేదు.

‘దైజోబు దెస్’, ‘కెక్కో దెస్’ కూడా ఈ కోవలోవే. కాఫీ తీసుకుంటారా అంటే మన చుట్టం ‘ఫర్వాలేదండీ’ అంటాడు చూడండి, ‘దైజోబు దెస్’ సరిగ్గా అదే. జపాన్‌లో 2020 జులై 1 నుంచి ప్లాస్టిక్ సంచికి డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి, సంచి కావాలా అని అడుగుతూనే ఉంటారు. అక్కడ ‘దైజోబు దెస్’ అంటే సామాను చేతుల్లో మోయాల్సిందే.

చివర ‘నే’ చేర్చి ‘ఈ దెస్ నే’ అంటే మాట మారుతుంది. ‘కలిసి భోజనానికి వెళ్దామా?’ లాంటి ప్రతిపాదనకు అది సంతోషంగా ఒప్పుకోవడమే. సంచి, టీ, వేడి చేయడం లాంటి ప్రశ్నలకు మాత్రం ‘ఒనెగాయిషిమస్’ ఒక్కటే పట్టుకోండి.

ఎదురుగా టీ పెట్టి ‘దోజో’ (తీసుకోండి) అంటే ‘ఇతదాకిమస్’ (పుచ్చుకుంటాను) అనండి. ఇది తినే, తాగే, పుచ్చుకునే వాటికే. వేడి చేయమనడానికి పనికిరాదు.

రైలులో సీటు ఇస్తే ‘అరిగతో గొజాయిమస్’ (ధన్యవాదాలు) చాలు. ‘సుమిమసెన్’ (క్షమించండి) అన్నా తప్పు లేదు, అక్కడ అది మీకు శ్రమ ఇచ్చానన్న కృతజ్ఞత. పెద్దవారు పట్టుబట్టి ఇస్తుంటే ‘ఒకొతొబా ని అమాఎతే’ అనండి: ‘మీరు అంతగా అంటున్నారు కనుక’ అని.

యాస వల్ల అర్థం కాకపోవడం చాలా అరుదు. దాని జోలికి ఆఖరున వెళ్లండి.