చల్లని కొండ మేత భూముల్లో రాళ్లు కలిసిన బంకమట్టిని గుర్తించడం ఎలా?

కొండ మీది పచ్చిక బయలులో పార దింపగానే ఖణేల్‌మని రాయి తగిలితే చాలామంది "ఇది రాళ్ల నేల, నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి" అని తేల్చేస్తారు. అదే చోటి మట్టిని తడిపి పిసికితే చేతికి జిగురులా పట్టుకుంటుంది. అప్పుడు ఇంకొకరు "బంకమన్ను కదా, నీళ్లు బాగా పట్టి ఉంచుతుంది" అంటారు. రెండు మాటలూ సగమే నిజం. మధ్యలో ఉన్న బంకమట్టి నీటిని నెమ్మదిగా కిందికి వదులుతుంది, రాళ్లేమో నీళ్లు దాచుకునే చోటును ఆక్రమిస్తాయి. కాబట్టి ఈ నేలలో రాయిని, మట్టిని విడివిడిగా కొలిచి, ఆ తర్వాతే కలిపి చూడాలి. అమెరికా పశ్చిమాన రాకీ పర్వతాల్లోనూ, గ్రేట్ బేసిన్ కొండల్లోనూ సేజ్‌బ్రష్ పొదలు, గుబురు గడ్డి పెరిగే ఎత్తు ప్రదేశాల్లో ఇలాంటి నేలలు కనిపిస్తాయి. కింద వాడిన కొలతలు అమెరికా వ్యవసాయ శాఖ నేలల వర్గీకరణలోవి.

కావలసినవి: గునపం, పార, టేపు, 2 మిల్లీమీటర్ల జల్లెడ, పలుచని ప్లాస్టిక్ షీటు, లీటర్ల గీతలున్న బకెట్, నీళ్లు, నేల ఉష్ణోగ్రత కొలిచే థర్మామీటర్. భూమి ఎవరిదో వాళ్ల అనుమతి ముందే తీసుకోండి.

1. చోటు, కాలం చూసుకోండి

వాలు మధ్యభాగంలో తవ్వండి. పశువులు నడిచే దారి, నీటి తొట్టి చుట్టుపక్కల, ఎలుకలు ఎత్తిపోసిన దిబ్బలు వద్దు, అక్కడ పొరలు కలగాపులగం అయిపోయి ఉంటాయి. మంచు కరిగి పైతడి కాస్త ఆరాక, నేల ఇటుకలా గట్టిపడకముందే వెళ్లాలి. మరీ తడిగా ఉంటే గుంత గోడలు పార రాసుకుని నున్నగా మెరుస్తాయి, పొరలు కనబడవు. బాగా ఎండితే గునపం కూడా దిగదు.

పైన పరుచుకున్న గులకరాళ్లను చూసి లోపలి సంగతి ఊహించవద్దు. నేల గడ్డకట్టి కరిగే ప్రతిసారీ రాళ్లు కొద్దికొద్దిగా పైకి వస్తుంటాయి. వాన, గాలి సన్నమట్టిని లాక్కుపోతాయి. అందుకే పైన పరిచినట్టు రాళ్లున్నా కింద తక్కువే ఉండవచ్చు. ఒక్కోసారి పైన ఏమీ కనబడకపోయినా అడుగు లోతున సగానికి సగం రాయే ఉంటుంది.

2. మీటరు లోతు గుంత తవ్వి ఒక గోడను శుభ్రం చేయండి

పై గడ్డిని పెళ్లలుగా కోసి ఒక పక్క పెట్టండి. పైమట్టి ఒక కుప్పగా, కిందమట్టి ఇంకో కుప్పగా పోయండి. ఎండ పడే వైపు గోడను కత్తి మొనతో పైనుంచి కిందికి గీకుతూ రండి. పార నొక్కిన చోట మట్టి అసలు రూపం పోతుంది, అందుకే ఈ గీకుడు.

ఇప్పుడు రంగు చూడండి. చల్లటి చోట గడ్డివేళ్లు చచ్చినా త్వరగా కుళ్లవు, ఏళ్ల తరబడి పేరుకుంటాయి. అందుకే పై పొర తడిగా ఉన్నప్పుడు ముదురు గోధుమ రంగులోనో, దాదాపు నల్లగానో ఉంటుంది. ఎండ తక్కువ తగిలే ఉత్తరపు వాలుల్లో ఈ నల్లపొర సాధారణంగా మందంగా ఉంటుంది. దాని కింద గోధుమ, ఎరుపు కలిసిన బంకపొర మొదలవుతుంది. రెండింటి మధ్య గీత ఎక్కడుందో టేపుతో కొలిచి రాసుకోండి.

3. రాళ్లు ఎంత భాగమో నీళ్లతో కొలవండి

ఈ పనిలో కంటిచూపును, తూకాన్ని నమ్ముకుంటేనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. రాళ్ల శాతాన్ని ఘనపరిమాణంలో చెప్పాలి, బరువులో కాదు. లీటరు రాయి సుమారు 2.65 కిలోలు తూగుతుంది, లీటరు మట్టి 1.3 కిలోల దగ్గర ఉంటుంది. అంటే సరిగ్గా సగం చోటును రాళ్లు ఆక్రమించిన నేలను తూకం వేస్తే 67 శాతం రాయే అని వస్తుంది. ఆ అంకెను అలాగే వాడితే నేలను ఉన్నదానికంటే చాలా పనికిమాలినదిగా లెక్కగట్టినట్టే.

పద్ధతి ఇది. కొలవాలనుకున్న పొర మీద మెట్టులా చదును చేసి, అందులో చిన్న గుంట తీయండి. తీసినదంతా, ఒక్క గులకరాయి కూడా పోకుండా, బకెట్లోకి ఎత్తండి. గుంటలో ప్లాస్టిక్ షీటు పరిచి అంచుదాకా నీళ్లు పోయండి, ఎన్ని లీటర్లు పట్టాయో అదే గుంట పరిమాణం. తవ్వితీసిన మట్టి పొంగుతుంది కాబట్టి దాన్ని కొలిస్తే లెక్క తప్పుతుంది, గుంటనే కొలవాలి. తర్వాత మట్టిని జల్లించి, జల్లెడలో మిగిలిన రాళ్లను కడిగి, గీతలున్న బకెట్లోని నీటిలో వేయండి. నీరు ఎంత పైకి లేచిందో రాళ్లు అంత. గుంటకు 5 లీటర్లు పట్టి, రాళ్లకు నీరు 2.5 లీటర్లు లేస్తే 50 శాతం.

2 నుంచి 75 మిల్లీమీటర్ల రాళ్లనే గులకరాళ్లుగా లెక్కిస్తారు, అంతకంటే పెద్దవి వేరే తరగతి. రాళ్లలో ఎక్కువ భాగం గులకరాళ్లే అయి, మొత్తం 15 నుంచి 35 శాతం ఉంటే మామూలు గులకరాళ్ల నేల. 35 నుంచి 60 దాకా ఉంటే బాగా గులకరాళ్లున్న నేల. 60 దాటితే మరీ ఎక్కువ.

4. మట్టిని రిబ్బన్‌లా నొక్కి చూడండి

జల్లెడ దాటిన సన్నమట్టిని గుప్పెడు తీసుకుని, కొంచెం కొంచెంగా నీళ్లు చల్లుతూ పిసకండి. ఇక్కడ తొందరపడకండి. గట్టి బంకమట్టి చిన్న చిన్న గుళ్లుగా బిగుసుకుని ఉంటుంది, అవి విడిపోవడానికి ఒకటి రెండు నిమిషాలు గట్టిగా పిసకాల్సిందే. సగంలో ఆపేస్తే ఆ గుళ్లే వేళ్లకు ఇసుకలా తగిలి, ఇదేదో తేలిక నేల అనిపిస్తుంది.

ముద్ద మెత్తబడ్డాక బొటనవేలితో చూపుడువేలి మీదుగా నొక్కుతూ పలుచని పట్టీలా బయటికి తోయండి. అది తన బరువుకు తానే తెగేలోపు 5 సెంటీమీటర్లు దాటితే బంకమట్టే. రెండున్నర నుంచి 5 మధ్యలో తెగితే ఓ మోస్తరు బంక. రెండున్నర లోపే తెగితే తేలిక నేల. చివరగా చిటికెడు మట్టిని అరచేతిలో బాగా పలుచన చేసి రుద్దండి. గరగరలాడితే ఇసుక బంక, పిండిలా జారితే ఒండ్రు బంక, ఏదీ ప్రత్యేకంగా తెలియకపోతే మామూలు బంకమట్టి.

5. ఒక గులకరాయిని కదిలించి చూడండి

నాకు ఈ పనంతటిలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. బంకపొరలోంచి ఒక గులకరాయిని మెల్లగా ఊడదీయండి. అది కూర్చున్న గుంట లోపలి గోడ తడి చాక్లెట్‌లా నిగనిగలాడుతూ ఉంటే, వేలితో తాకితే నున్నగా ఉంటే, అది బంకమట్టి పూత. ఏళ్ల తరబడి కరిగిన మంచునీరు పై పొరలోని సన్నని బంకరేణువులను మోసుకెళ్లి అక్కడ అద్దింది. మట్టిగడ్డను విరిచినా ముఖాల మీద అలాంటి మెరుపే కనిపిస్తుంది. గడ్డివేళ్లు ఆ గడ్డలోకి చొరబడలేక రెండు గడ్డల సందులో నలిగి, నొక్కిన ఆకుల్లా బల్లపరుపుగా ఉంటాయి.

ఇంకా లోతున రాయి అడుగువైపు తిప్పి చూడండి. తెల్లటి పూత ఉంటే సున్నం కావచ్చు. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది, కళ్లజోడు పెట్టుకుని వేయండి. సున్నం మొదలయ్యే లోతును బట్టి నీరు ఎంతవరకు దిగుతోందో ఒక అంచనా వస్తుంది.

6. చలి కొలత

50 సెంటీమీటర్ల లోతులో థర్మామీటర్ గుచ్చి నెలకోసారి చూడండి. ఏడాది సగటు 8 డిగ్రీల సెల్సియస్ లోపు, సున్నాకు పైన ఉండి, వేసవిలో కూడా సరిగా వేడెక్కకపోతే ఆ నేల క్రయిక్ (బాగా చల్లని నేలల) తరగతిలోకి వస్తుంది. ఒక్కరోజు కొలతతో ఈ మాట అనకూడదు. మందంగా మంచు కప్పిన చోట శీతాకాలంలో నేల పైగాలి కంటే వెచ్చగా ఉంటుంది, కాబట్టి గాలి ఉష్ణోగ్రతను బట్టి ఊహించినా తప్పుతుంది.

7. ఇప్పుడు రెండూ కలిపి నీళ్ల లెక్క వేయండి

రాళ్లు తీసేసిన ఆ సన్నమట్టి మీటరు లోతుకు 15 సెంటీమీటర్ల నీటిని గడ్డికి అందేలా పట్టి ఉంచుతుందనుకుందాం. సగం రాయే అయితే అది ఏడున్నర అవుతుంది. 60 సెంటీమీటర్ల కిందే గట్టిరాయి తగిలితే నాలుగున్నరకు పడిపోతుంది. మంచు కరిగాక వచ్చే ఆ కాస్త వెచ్చని కాలంలోనే గడ్డి ఎదగాలి, వేసవి వాన సరిగా పడని చోట దాని చేతిలో ఉన్నది ఆ నాలుగున్నర సెంటీమీటర్లే.

పైనుంచి నీరు ఎలా ఇంకుతోందో కూడా చూడండి. 15 సెంటీమీటర్ల వ్యాసమున్న రేకు గొట్టాన్ని నేలలోకి దింపి 440 మిల్లీలీటర్లు పోస్తే రెండున్నర సెంటీమీటర్ల నీరు అవుతుంది. మొదటిసారి పోసిన నీరు పగుళ్లలోకి పారిపోతుంది, దాన్ని లెక్కపెట్టకండి. రెండోసారి పోసింది ఇంకడానికి పట్టిన సమయాన్నే రాసుకోండి. గంటలు పడితే, వసంతంలో కరిగిన మంచునీరు లోపలికి దిగలేక వాలు మీదుగా జారిపోతోందని అర్థం.

పశువులను ఎప్పుడు తోలాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. 10 సెంటీమీటర్ల లోతు మట్టిని తీసి నీళ్లు కలపకుండా నొక్కండి. రిబ్బన్ వచ్చేస్తోందంటే ఇంకా ఆగాలి. ఆ తడిలో మంద దిగితే గిట్టల కింద బంకపొర అణగి బిగుసుకుపోతుంది. రాళ్లున్నాయి కదా బరువు మోస్తాయిలే అనుకోవద్దు. వాటి మధ్యలో ఉన్న మట్టే నలిగేది, గడ్డివేళ్లు బతికేదీ ఆ మట్టిలోనే.

పనయ్యాక కిందమట్టి ముందు, పైమట్టి తర్వాత వేసి, రెండు మూడు దఫాలుగా తొక్కుతూ పూడ్చండి. గడ్డిపెళ్లలను వేళ్లు కిందికి ఉండేలా అమర్చి, మిగిలిన నీళ్లు వాటి మీద పోయండి. ఆ రోజే పూడ్చలేకపోతే గుంతను పలకలతో కప్పి రండి, రాత్రిపూట దూడ పడితే బయటికి రాలేదు.