క్యామ్ కొనేముందు ఆ కోణం అడగండి

పాత పెట్రోల్ కారుకి పెర్ఫార్మెన్స్ క్యామ్‌షాఫ్ట్ (ఇంజిన్ వాల్వ్‌లను తెరిచే షాఫ్ట్) వేయించేవాళ్లు లిఫ్ట్ (వాల్వ్ ఎంత ఎత్తు తెరుచుకుంటుంది), డ్యూరేషన్ (ఎంతసేపు తెరిచి ఉంటుంది) చూసి ఊరుకుంటారు. లోబ్ సెపరేషన్ యాంగిల్ కూడా అడగండి. లోబ్ అంటే ఆ షాఫ్ట్ మీద వాల్వ్‌ని నొక్కి తెరిచే ఉబ్బు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల మధ్యరేఖలకున్న ఎడం అది, క్యామ్ డిగ్రీల్లో. రెండింటి డ్యూరేషన్ 280 క్రాంక్ డిగ్రీల (క్రాంక్ అంటే ఇంజిన్ ప్రధాన షాఫ్ట్) చొప్పున, యాంగిల్ 110 అయితే వాల్వ్‌లు రెండూ కలిసి తెరిచి ఉండేది 60 క్రాంక్ డిగ్రీలు. 106 అయితే 68. అంతేగా అనిపిస్తుంది గానీ ఐడిల్‌లో (బండి ఆగి ఉండగా) ఇంజిన్ గడగడలాడుతుంది, అది గాలి పీల్చే వాక్యూమ్ తగ్గుతుంది, బ్రేక్ పెడల్‌ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్ బతికేది ఆ వాక్యూమ్ మీదే. ఆ శబ్దం బాగుంటుంది, కాదనను. కానీ అమలాపురం నుంచి రావులపాలెం దాకా కొబ్బరి లోడు ట్రాక్టర్ వెనక సెకండ్ గేర్లో పాకేవాళ్లకి 112, 114 నయం. రెండు లోబ్‌లూ ఒకే షాఫ్ట్ మీదుంటే ఈ కోణం తర్వాత మార్చలేం. క్యామ్‌ని తిప్పే పళ్లచక్రం, అంటే స్ప్రాకెట్, జరిపితే మొత్తం టైమింగే ముందుకో వెనక్కో పోతుంది.