"గ్రంథంలో రాసుంది" అన్నప్పుడు ఏం రాసుందో పట్టుకోవడం ఎలా?

వానలు మొదలైతే చాలు, మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తప్పకుండా వస్తుంది. చైనావాళ్లు రెండు వేల ఏళ్ల కిందటే మలేరియాకు మందు కనిపెట్టారని, ఫలానా ఆకు కషాయం కాచుకుని తాగితే మాత్రలు అక్కర్లేదని. పంపేది మా బాబాయి. ఆయనతో వాదన పెట్టుకుంటే పండగపూట భోజనాలు చేదవుతాయి కాబట్టి నేను ఇంకో పని మొదలుపెట్టాను. ఒక కాగితం తీసుకుని నాలుగు గడులు గీస్తాను. ఏ మొక్క, ఏ జబ్బుకి, ఎలా తయారుచేసి, ఎవరు పరీక్షించారు. పాత మూలిక ఏదైనా సరే, గ్రంథం మారినప్పుడల్లా, శతాబ్దం మారినప్పుడల్లా ఈ నాలుగూ విడివిడిగా నింపుకుంటూ వెళ్లండి. బాబాయి చెప్పే ఆకు చింగ్‌హావ్. పద్ధతి చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ముందు జబ్బు గడి నింపండి, మొదటి ఆశ్చర్యం అక్కడే ఉంటుంది. చైనాలోని చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయ్‌లో క్రీ.పూ. 168 నాటి సమాధి ఒకటి 1973లో బయటపడింది. అందులో పట్టుబట్ట మీద రాసిన వైద్య ప్రతి దొరికింది, చింగ్‌హావ్ పేరు అందులో ఉంది. ఉన్నది మూలశంకకు! ఆ తర్వాతి మూలికల గ్రంథంలో గజ్జి, దురద, పేలు, పుళ్లు అని ఉంటుంది. అంటే "రెండు వేల ఏళ్లు" అన్న మాట మొక్కకైతే సరిపోతుంది, మలేరియాకు సరిపోదు. జ్వరం మాట స్పష్టంగా వచ్చేది క్రీ.శ. 4వ శతాబ్దంలో, గె హొంగ్ అనే చైనా వైద్యుడు అత్యవసర చికిత్సల కోసం రాసిపెట్టుకున్న పుస్తకంలో. అక్కడ కూడా ఆయన అన్నది విడిచి విడిచి వచ్చే జ్వరాలు అనే. మన ఊళ్లలో చలిజ్వరం అంటాం కదా, వణుకు పుట్టించే జ్వరమేదైనా అందులో పడిపోతుంది, అదీ అలాంటి మాటే. మలేరియా క్రిమిని రక్తంలో చూసింది 1880లో, అల్జీరియాలో లావెరాన్ అనే సైనిక వైద్యుడు. అది దోమలో ఉంటుందని తేలింది 1897లో, మన సికింద్రాబాద్‌లోనే, రొనాల్డ్ రాస్ చేతుల మీదుగా. కాబట్టి పాత గ్రంథంలో జబ్బు పేరు కనిపిస్తే దాని పక్కన లక్షణాలు మాత్రమే రాసుకోండి, ఇవాళ్టి పేరు అతికించకండి.

ఇక మొక్క గడి. తలనొప్పి అంతా దీనితోనే.

పోయిన వినాయక చవితికి పత్రి కట్ట కొన్నప్పుడు, ఇందులో మాచిపత్రి ఏదని అడిగితే అమ్మే ఆవిడ ఒక ఆకు చూపించింది, పక్క బండాయన అది చామంతి ఆకని నవ్వాడు. వినాయకుడికి ఎక్కించే పత్రుల్లో మొదటిదే మాచిపత్రి. ఇరవై ఒకటీ కంఠతా వచ్చే మా అమ్మ కూడా ఆ రోజు ఏదీ తేల్చలేకపోయింది. మాచిపత్రి, దవనం, చింగ్‌హావ్ మూడూ ఆర్టెమీసియా అనే ఒకే ప్రజాతికి చెందినవి (దగ్గరి చుట్టాలు కదా అని మాచిపత్రి మలేరియాకు పనిచేస్తుందనుకునేరు, అలా కాదు). చైనాలో కూడా ఇదే గొడవ. 11వ శతాబ్దంలో షెన్ కువో అనే పండితుడు, చింగ్‌హావ్ అని పిలిచేవి రెండు రకాలున్నాయని, ఒకటి పసుపు తిరిగితే ఇంకొకటి పచ్చగానే ఉంటుందని గమనించి రాశాడు. లీ షిజెన్ అనే వైద్యుడి మూలికల గ్రంథం 1596లో అచ్చయింది, అందులో చింగ్‌హావ్‌కు, పసుపు పూల రకానికి వేరువేరు పద్దులు ఉన్నాయి. తీరా 20వ శతాబ్దంలో చూస్తే మలేరియా మీద పనిచేసే పదార్థం ఉన్నది ఆర్టెమీసియా యాన్యువాలో, అంటే వృక్షశాస్త్రవేత్తలు పసుపు పూల రకమని పిలిచే దాంట్లో. ఇప్పుడు చైనా అధికారిక ఔషధ గ్రంథం చింగ్‌హావ్ పేరు కింద ఆ మొక్కనే చూపిస్తుంది. పేరు అదే, వెనక మొక్క మారింది. అందుకే దేశవాళీ పేరు, శాస్త్రీయ నామం, గ్రంథం ఏ కాలానిదో, ఈ మూడూ పక్కపక్కన రాసుకోవాలి.

మూడో గడి తయారీ, దీన్ని జనం అసలు చదవరు. గె హొంగ్ రాసింది ఒక్క వాక్యం. గుప్పెడు చింగ్‌హావ్ తీసుకుని, రెండు షెంగ్‌ల నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసమంతా తాగమని. అప్పటి షెంగ్ అంటే సుమారు 200 మిల్లీలీటర్లు, అంటే రెండు గ్లాసుల నీళ్లు. ఇందులో పొయ్యి లేదు చూడండి! కాచమని ఎక్కడా అనలేదు. మా బాబాయి మెసేజ్‌లో మాత్రం "బాగా మరిగించి" అని ఉంటుంది.

ఆ పొయ్యి లేకపోవడమే తర్వాత పెద్ద విషయమైంది. వియత్నాం యుద్ధకాలంలో, 1967 మే 23న, చైనా ప్రభుత్వం మలేరియా మందుల కోసం రహస్యంగా ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది, తేదీని బట్టే దానికి 523 అని పేరు. 1969లో బీజింగ్‌లోని సంప్రదాయ వైద్య అకాడమీ నుంచి తు యూయూ అనే శాస్త్రవేత్త అందులో చేరింది. ఆమె బృందం రెండు వేల దాకా యోగాలు, అంటే పాత మందుల తయారీ విధానాలు సేకరించి, సుమారు 200 మూలికల నుంచి 380కి పైగా సారాలు తీసి ఎలుకల మీద పరీక్షించింది. చింగ్‌హావ్ ఒకసారి ఆశ పుట్టించింది, మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. అప్పుడు ఆమె గె హొంగ్ వాక్యం దగ్గరికి తిరిగొచ్చి, వేడే మందును పాడుచేస్తోందేమో అనుకుంది. సుమారు 35 డిగ్రీలకే మరిగే ఈథర్ అనే ద్రావకంతో సారం తీసి, విషపు గుణమున్న ఆమ్ల భాగాన్ని వేరుచేసి పారేశారు. 1971 అక్టోబర్ 4న 191వ నమూనా ఎలుకల్లో మలేరియా క్రిములను నూటికి నూరు శాతం అణచింది. ఇంకో సంగతి, గె హొంగ్ పుస్తకంలో ఇలాంటి జ్వరాలకు పదుల కొద్దీ యోగాలున్నాయి, చింగ్‌హావ్ వాటిలో ఒకటి మాత్రమే. ఏది పనిచేస్తుందో ఆ పుస్తకం చెప్పలేదు. చెప్పింది ఎలుకలు.

నాలుగో గడి, పరీక్ష. ఇక్కడ ఒక్క పేరు రాసి ఊరుకోకండి. 1972లో తు యూయూ, ఇద్దరు సహచరులు ముందు తామే ఆ సారం మింగి చూశారు, తర్వాత రోగులకు ఇచ్చారు. శుద్ధమైన పదార్థం తీయడంలో చైనాలోనే యునాన్, షాన్‌డాంగ్ రాష్ట్రాల బృందాల చెయ్యి పెద్దది, దాని అణునిర్మాణం తేల్చింది మరికొందరు. 2015 వైద్య నోబెల్‌లో సగం తు యూయూకి వచ్చింది కాబట్టి మనకు ఆమె ఒక్కతే గుర్తుంది. పని మాత్రం వందల మందిది.

కాగితం కింద ఇంకొంచెం ఖాళీ ఉంచండి, కథ నోబెల్‌తో ఆగలేదు. చింగ్‌హావ్ నుంచి తీసిన ఆ శుద్ధ పదార్థం పేరు ఆర్టెమిసినిన్, అది ఒంట్లోంచి గంటల్లోనే పోతుంది, అందుకే దాన్ని ఇంకో మందుతో కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో సూచించింది, విడిగా అమ్మడం ఆపమని 2006లో కంపెనీలను అడిగింది. అయినా పశ్చిమ కంబోడియాలో దానికి నెమ్మదిగా లొంగే క్రిములు కనిపించాయి, తర్వాత ఆఫ్రికాలో కూడా. ఇక ఆ ఆకు టీని ఆ సంస్థ సిఫార్సు చేయదు. మందు ఎంతుందో ఒక్కో ఆకుకు ఒక్కోలా ఉంటుంది, మోతాదు చాలకపోతే రోగి పూర్తిగా కోలుకోడు, క్రిమి మాత్రం మందుకు అలవాటు పడే ప్రమాదం ఉంది.

నింపిన కాగితాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. బాబాయి అడిగింది ఒక్కటే, "అయితే చలిజ్వరం వస్తే ఏం చేయాలిరా?" రక్తపరీక్ష చేయించు బాబాయ్, ఆ రోజే, ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో కూడా చేస్తారు, మలేరియా అని తేలితే ఏ రకమో చూసి మాత్రలిస్తారు, చలి తగ్గిందని మధ్యలో ఆపకుండా కోర్సు మొత్తం వేసుకో అని రాశాను.